సీగ్‌ఫ్రీడ్ ఎవరు? వీరగాథల చారిత్రక మూలాలపై వాదాలను పరిశీలించే పద్ధతి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో గుడి ముందో, చెరువు కట్ట మీదో, పొలం గట్టునో నిలబడి ఉన్న వీరగల్లుల్లో చాలావాటి మీద అక్షరం ఉండదు. కత్తి పట్టిన ఒక వీరుడు, పైన సూర్యచంద్రులు, అంతే. ఊరివాళ్లను అడిగితే ఒక పేరు చెప్తారు, ఒక కథ కూడా చెప్తారు. అయితే ఆ పేరు ఆ రాయికి అది చెక్కిన నాడే ఉందా, తరవాత ఎప్పుడో వచ్చి చేరిందా అన్నది రాయిని చూసి తేల్చలేము. చరిత్ర, తెలుగు, జానపద విజ్ఞానం చదివే మన విద్యార్థులకు ఈ చిక్కు పరిచయమే. ఇదే చిక్కు మీద ఐరోపాలో దాదాపు రెండు వందల సంవత్సరాలుగా నడుస్తున్న ఒక పెద్ద వాదం ఉంది. జర్మన్ గాథల్లో సీగ్‌ఫ్రీడ్‌గా, ఉత్తరాది (స్కాండినేవియా) నార్స్ గాథల్లో సిగుర్డ్‌గా కనిపించే వీరుడు, అంటే డ్రాగన్ అనే మహాసర్పాన్ని చంపి, నిధిని సాధించి, చివరికి భార్య పుట్టింటివాళ్ల కుట్రకు బలైనవాడు, చరిత్రలో నిజంగా ఉన్న మనిషేనా అన్నది ఆ వాదం. సెమినార్ పత్రం రాయదలచుకున్నవాళ్లు, మన ప్రాంతపు వీరగాథల మీద పని చేయదలచుకున్నవాళ్లు ఈ వాదాన్ని ఏ క్రమంలో చదవాలో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ప్రశ్నను విడదీయాలి

"సీగ్‌ఫ్రీడ్ నిజంగా ఉన్నాడా?" అని ఒకే ప్రశ్నగా అడిగితే జవాబు దొరకదు. అందులో కనీసం మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. ఆ పేరుతో, లేదా దానికి దగ్గరి పేరుతో, ఈ కథకు ఆధారమైన మనిషి ఒకడు ఉన్నాడా? అతని హత్యగా కథలో చెప్పే సంఘటనకు చరిత్రలో ఆధారం ఉందా? అతని కథ, అతనితో పాటు కనిపించే ఇతర పాత్రల కథ మొదటినుంచీ ఒకటేనా, లేక వేర్వేరు కథలు తరవాత కలిశాయా? పండితులు ఒకరితో ఒకరు వాదిస్తున్నట్టు కనిపించే చాలా సందర్భాల్లో నిజానికి ఒకరు మొదటి ప్రశ్నకు, మరొకరు మూడో ప్రశ్నకు జవాబు చెప్తుంటారు. కాబట్టి ఏ వ్యాసం చదివినా, రచయిత ఈ మూడింటిలో దేనికి జవాబిస్తున్నాడో మార్జిన్‌లో రాసుకోవడం మొదటి పని.

ఆధారాలను కథాకాలం ప్రకారం కాదు, రాతకాలం ప్రకారం పేర్చాలి

ఇది విసుగు పుట్టించే పనే అయినా దీన్ని దాటవేయకూడదు. నోటుబుక్కులో ఒక్కొక్క ఆధారానికి ఎదురుగా అది రాసిన కాలం, అది ఏమి చెప్తుంది, ఏమి చెప్పదు అన్న మూడు గడులు గీసుకోవాలి. మూడో గడి అన్నిటికంటే ముఖ్యం.

అందరూ ముందుగా చదివేది నీబెలుంగెన్‌లీడ్ అనే జర్మన్ మహాకావ్యం. అది 1200 ప్రాంతంలో, బహుశా డాన్యూబ్ తీరంలోని పస్సావు బిషప్ ఆశ్రయంలో రూపొందిందని ఎక్కువమంది అభిప్రాయం. ఉత్తరాదిన ఎడ్డా అనే నార్స్ గీతాల సంకలనపు ప్రధాన రాతప్రతి 1270 ప్రాంతానిది. గద్యరూపంలోని వోల్సుంగ సాగా కూడా 13వ శతాబ్దపు రచనే. అంటే మనం "ప్రాచీన జర్మన్ గాథ" అని పిలిచేదాని పూర్తి రూపాలు కాకతీయ గణపతిదేవుని కాలానికి, రుద్రమదేవి కాలానికి సమకాలికాలు. ఐదవ, ఆరవ శతాబ్దాల సంఘటనలకు ఇవి నేరుగా సాక్ష్యాలు కావు. వాగ్నర్ సంగీత నాటకాల ద్వారా ఈ కథ తెలిసినవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. 1876లో మొదటిసారి పూర్తిగా ప్రదర్శించిన ఆ నాటక చతుష్టయం నార్స్, జర్మన్ మూలాలను కలిపి అల్లిన కొత్త కల్పన. దాన్ని ఆధారాల పట్టికలో చేర్చకూడదు.

అంతకు ముందువాటిలో మౌనమే ఎక్కువగా కనిపిస్తుంది. బేవుల్ఫ్ అనే ప్రాచీన ఆంగ్ల కావ్యంలో మహాసర్పాన్ని చంపి నిధి తెచ్చినవాడు సిగెమండ్, అంటే నార్స్ గాథల్లో సిగుర్డ్ తండ్రి. కొడుకు ఊసే లేదు. వాల్తారియుస్ అనే లాటిన్ కావ్యంలో వార్మ్స్ నగరపు రాజు గుంటర్ (గాథలో సీగ్‌ఫ్రీడ్ భార్య సోదరుడు), అతని వీరుడు హాగెన్ ఇద్దరూ ఉన్నారు గానీ సీగ్‌ఫ్రీడ్ లేడు. ఎడ్డాలో చాలా పాతదిగా భావించే అట్లక్విద గీతం గుంటర్ సోదరులు హూణ రాజు చేతిలో చనిపోయిన కథ మొత్తం చెప్తుంది గానీ సిగుర్డ్ పేరు ఎత్తదు. మౌనం దానంతట అది రుజువు కాదు. ఒక కవి ఒక పాత్రను వదిలేయడానికి సవాలక్ష కారణాలు ఉండవచ్చు. అయినా ఒకే వైపు చూపే మౌనాలు ఇన్ని కలిసినప్పుడు వాటిని పట్టించుకోక తప్పదు.

స్వీడన్‌లోని రామ్‌సుండ్ శిల్పం ఇక్కడ ప్రత్యేకంగా చూడదగింది. 1030 ప్రాంతంలో బండ మీద చెక్కిన ఆ బొమ్మల్లో సిగుర్డ్ కథ స్పష్టంగా ఉంది: సర్పాన్ని పొడుస్తున్న వీరుడు, దాని గుండెను నిప్పు మీద కాలుస్తూ వేలిని నోట్లో పెట్టుకున్నవాడు, చెట్టు మీద పక్షులు, గుర్రం, తల తెగిన కమ్మరి. అయితే ఆ బండ మీది రూనిక్ (ప్రాచీన ఉత్తరాది లిపి) శాసనం ఈ కథ గురించి ఒక్క మాట చెప్పదు. సిగ్రిడ్ అనే స్త్రీ తన భర్త ఆత్మశాంతి కోసం వంతెన కట్టించిందని మాత్రం చెప్తుంది. బొమ్మ ఒక సాక్ష్యం, రాత మరొక సాక్ష్యం; రెండూ ఒకే రాయి మీద ఉన్నంత మాత్రాన ఒకదాన్ని మరొకటి ధ్రువపరచవు. మన వీరగల్లులను చదివేటప్పుడు కూడా ఇదే విభజన పాటించాలి. 1030 నాటికి కథ ఆ ప్రాంతంలో జనానికి తెలుసన్నంత వరకే ఈ శిల్పం రుజువు చేస్తుంది, వీరుడు చరిత్రలో ఉన్నాడని కాదు.

గట్టి నేల ఎక్కడ ఉందో చూసుకోవాలి

ఈ గాథలో చరిత్ర లేదని ఎవరూ అనరు. రైన్ నది తీరంలోని బర్గండియన్లు అనే జర్మానిక్ తెగ రాజు గుండహర్ 436, 437 సంవత్సరాల్లో తన ప్రజలతో పాటు నాశనమయ్యాడు. రోమన్ సేనాని ఏయిటియస్ దెబ్బ ఒకటి, హూణుల దెబ్బ మరొకటి. ఇరవై వేలమంది చనిపోయారని సమకాలికుడైన హైడేషియస్ రాశాడు; ఆ సంఖ్యను యథాతథంగా నమ్మనక్కర లేదు గానీ సంఘటన ఖాయం. ఆరవ శతాబ్దం మొదట్లో బర్గండియన్ల ధర్మశాస్త్రంలో పూర్వరాజుల పేర్లు గిబికా, గొడోమర్, గిస్లహర్, గుండహర్ అని వరుసగా ఉన్నాయి. గాథల్లోని గ్యూకి లేక గిబిహ్, గుట్టోర్మ్, గీసెల్‌హెర్, గుంటర్ వీళ్లే. 453లో హూణ రాజు అట్టిలా పెళ్లిరాత్రి చనిపోయాడు, వధువు పేరు ఇల్డికో. ముక్కు నుంచి రక్తం కారి చనిపోయాడని ఒక కథనం, ఒక స్త్రీ పొడిచిందని ఆరవ శతాబ్దపు మరొక చరిత్రకారుని మాట. నార్స్ గాథలో సిగుర్డ్ భార్య గుడ్రున్ తన సోదరుల చావుకు ప్రతీకారంగా రెండో భర్త అట్లీని (అంటే అట్టిలాను) చంపడం వెనక ఈ రెండో కథనం ఉందని చెప్పవచ్చు.

అయితే అట్టిలా స్వయంగా గుండహర్‌ను చంపినట్టు ఏ సమకాలిక ఆధారమూ లేదు. ప్రజల జ్ఞాపకం రెండు సంఘటనలను కలిపి, పేరు లేని హూణ సేనల స్థానంలో పేరున్న హూణ రాజును పెట్టింది. కథలు ఎలా పెరుగుతాయో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. పైగా గాథకు కాలం పట్టింపు లేదు. 376 ప్రాంతంలో చనిపోయిన గోత్ రాజు ఎర్మనరిక్, 437లో చనిపోయిన గుండహర్, 453లో చనిపోయిన అట్టిలా, అట్టిలా చనిపోయిన కాలంలోనే పుట్టిన గోత్ రాజు థియోడరిక్ ఒకే తరం వాళ్లలా తిరుగుతారు. నీబెలుంగెన్‌లీడ్‌లో పదవ శతాబ్దపు పస్సావు బిషప్ పిల్‌గ్రిమ్ బర్గండియన్ రాజులకు మేనమామ. నార్స్ గాథలో సిగుర్డ్ కూతురిని ఎర్మనరిక్‌కు ఇచ్చి పెళ్లి చేస్తారు.

ఇక్కడే చాలామంది జారిపడే మలుపు ఉంది. గుంటర్ నిజం, అట్టిలా నిజం, థియోడరిక్ నిజం, కాబట్టి సీగ్‌ఫ్రీడ్ కూడా నిజమై ఉంటాడని అనుకోవడం సహజంగా తోస్తుంది. పక్కన కూర్చున్నవాళ్ల చారిత్రకత ఒక పాత్రకు సంక్రమించదు. బిషప్ పిల్‌గ్రిమ్ నిజమైన మనిషే, అయినా అతను ఆ రాజులకు మేనమామ కాడు. మన దగ్గర కూడా కందూరు, పానగల్లు, వర్ధమానపురం కేంద్రాలుగా కందూరు చోడులు పాలించారని శాసనాలు చెప్తాయి. అంతమాత్రాన వాళ్ల కాలానికి ముడిపెట్టి చెప్పే ప్రతి స్థలకథా చరిత్ర అయిపోదు. ప్రతి పాత్రకూ విడిగా ఆధారం అడగాలి.

ప్రతిపాదిత మూలపురుషులను ఒకే కొలతతో కొలవాలి

సీగ్‌ఫ్రీడ్‌కు మూలం అని చెప్పినవాళ్లలో అందరికంటే ప్రసిద్ధుడు ఆర్మినియస్. క్రీ.శ. 9లో వారస్ నడిపిన మూడు రోమన్ లెజియన్లను (పెద్ద సైన్యదళాలను) అడవిలో తుడిచిపెట్టిన చెరుస్కి అనే జర్మానిక్ తెగ నాయకుడు. తరవాత బంధువుల ద్రోహానికి బలయ్యాడని, అతని గురించి తన కాలంలోనూ ఆ జనం పాడుకుంటున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. 19వ శతాబ్దంలోనే ఈ పోలికను ప్రతిపాదించారు. 20వ శతాబ్దంలో ఓటో హోఫ్లర్ దాన్ని విస్తరించి 1961లో ఒక గ్రంథంగా వెలువరించాడు. వాదం ఇలా సాగుతుంది: ఆర్మినియస్ తండ్రి, మామ వంటివారి పేర్లలో 'సెగి' ఉంది, కాబట్టి అతని అసలు పేరు కూడా 'సిగ్'తో మొదలై ఉండవచ్చు, తెగ పేరుకు దుప్పితో సంబంధం చెప్పవచ్చు, గాథలో ఒకచోట సీగ్‌ఫ్రీడ్‌ను ఆడదుప్పి పెంచింది, మహాసర్పం అంటే అడవి దారిలో పొడవుగా సాగిన రోమన్ సైన్యం, 12వ శతాబ్దపు ఐస్‌లాండ్ మఠాధిపతి నికులాస్ తన యాత్రామార్గ గ్రంథంలో సిగుర్డ్ సర్పాన్ని చంపిన చోటు పాడర్‌బోర్న్, మైన్జ్ నగరాల మధ్య ఉందని రాశాడు.

చదువుతున్నంతసేపు ఈ వాదం ఆకట్టుకుంటుంది. విడదీసి చూస్తే ప్రతి అడుగులోనూ ఒక 'కావచ్చు' ఉంది, ఆ 'కావచ్చు'లన్నీ ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి. అసలు పేరు తెలియదు, ఊహించారు. సర్పాన్ని సైన్యంగా చదవాలని గాథలో ఎవరూ చెప్పలేదు. టాసిటస్ విన్న పాటలకు, ఎడ్డాకు మధ్య వెయ్యి సంవత్సరాలకు పైగా ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఆర్మినియస్ జ్ఞాపకం జర్మన్ ప్రజల్లో బతికి ఉందని చూపే ఒక్క ఆధారమూ లేదు. రోమన్లు అన్న శత్రువే గాథలో లేరు. రోమన్ సైన్యాన్ని ఓడించిన వీరుని కథలో రోమన్ సైన్యం మొత్తం మాయమై, ఒక పాము, ఒక నిధి, ఇద్దరు రాణుల (వీరుని భార్య, గుంటర్ భార్య) తగాదా మిగిలాయంటే, మిగిలినదాన్ని ఆ వీరుని కథ అనడానికి కారణం ఏమిటి? నా దృష్టిలో ఈ ప్రతిపాదన నిలబడదు.

రెండో ప్రతిపాదన ఇంతకంటే బలమైనది, అందుకే దాని మీద ఎక్కువ సమయం పెట్టాలి. ఫ్రాంకుల ఆస్ట్రేసియా రాజ్యాన్ని 561 నుంచి పాలించిన మొదటి సిగెబెర్ట్, స్పెయిన్‌లోని విసిగోత్ రాజకుమారి బ్రూన్‌హిల్డాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె అక్క గాల్స్‌వింథాను సిగెబెర్ట్ సోదరుడు చిల్పెరిక్ పెళ్లి చేసుకున్నాడు. ఆమె హత్యకు గురైంది, ఆ స్థానంలోకి ఫ్రెడెగుండ్ వచ్చింది. ఇద్దరు రాణుల మధ్య పగ రెండు రాజ్యాల యుద్ధంగా మారింది. 575లో సిగెబెర్ట్‌ను సైన్యం డాలు మీద ఎత్తి రాజుగా ప్రకటిస్తున్న సమయంలో ఫ్రెడెగుండ్ పంపిన ఇద్దరు సేవకులు విషం పూసిన కత్తులతో పొడిచి చంపారని టూర్ నగర బిషప్ గ్రెగొరీ రాశాడు. గ్రెగొరీ ఆ కాలం మనిషే. ఇక్కడ 'సిగ్'తో మొదలయ్యే పేరు, బ్రూన్‌హిల్డ్ అన్న పేరు, రాణుల పగ, ద్రోహంతో జరిగిన హత్య నాలుగూ ఒకేచోట ఉన్నాయి.

ఇప్పుడు కొలవాలి. గాథలో వీరుని చావుకు కారణమయ్యేది గుంటర్ భార్య బ్రూన్‌హిల్డ్. చరిత్రలో ఆమె హతుని భార్య, అతని పక్షాన పోరాడినది. వీరుని భార్య క్రీమ్‌హిల్డ్ లేక గుడ్రున్‌కు ఈ చరిత్రలో చోటు లేదు. పాత్రలు తారుమారు అయ్యాయని సమర్థకులు అంటారు. అది అసంభవం కాదు. అయితే తారుమారును స్వేచ్ఛగా అనుమతించిన కొద్దీ ఏ కథనైనా ఏ చరిత్రకైనా అతికించవచ్చు. అందుకని ఒక ఎదురు పరీక్ష చేయాలి: ఇదే కొలతకు మరెవరైనా సరిపోతారా? సరిపోతారు. కొలోన్‌ను పాలించిన మరొక సిగెబెర్ట్, కుంటివాడని పేరున్నవాడు, రైన్ దాటి అడవిలోకి వెళ్లి మధ్యాహ్నం గుడారంలో నిద్రపోతుండగా కొడుకు పంపిన హంతకుల చేతిలో చనిపోయాడని అదే గ్రెగొరీ చెప్తాడు. అడవిలో ద్రోహంతో హత్య అన్నది గాథకు మొదటి సిగెబెర్ట్ కంటే ఇతనిలోనే దగ్గరగా ఉంది. బర్గండియన్ల రాజు సిగిస్మండ్ తన కొడుకు సిగెరిక్‌ను చంపించి, తరవాత తానూ ఫ్రాంకుల చేతిలో కుటుంబంతో సహా హతమై బావిలో పడ్డాడు; అతనికి మరొక అనుకూలత, అతను నిజంగా బర్గండియన్. 'సిగ్' ఆ రాజవంశాల్లో అంత వాడుకలో ఉన్న పేరుముక్క. ఇంతమంది సరిపోతున్నప్పుడు ఒకరిని ఎంచుకోవడానికి పేరు చాలదు. నా అభిప్రాయంలో బ్రూన్‌హిల్డా జీవితం గాథలోని పేరుకు, రాణుల తగాదాకు రంగు అద్ది ఉండవచ్చు. సీగ్‌ఫ్రీడ్ మూలం సిగెబెర్ట్ అనడానికి అది సరిపోదు.

పోలికలు ఎంత మోసం చేయగలవో చూపడానికి మరొక పరీక్ష ఉంది. 613లో ముసలి రాణి బ్రూన్‌హిల్డాను గుర్రానికి కట్టి ఈడ్పించి చంపారు. నార్స్ గాథలో సిగుర్డ్ కూతురు స్వాన్‌హిల్డ్ గుర్రాల కాళ్ల కింద చనిపోతుంది. పేర్లలో 'హిల్డ్', చావులో గుర్రాలు. ఒకటి మరొకదాని నుంచి వచ్చిందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 551లో జోర్డానెస్ రాసిన గోతుల చరిత్రలోనే ఎర్మనరిక్ ఆజ్ఞతో సునిల్డా అనే స్త్రీని గుర్రాలకు కట్టి చీల్చిన కథ ఉంది. రాణి చావుకు అది అరవై రెండు సంవత్సరాల ముందు మాట. తేదీ చూడకపోతే ఈ పోలిక ఒక సిద్ధాంతం అయిపోయేది.

మూడో వర్గం అసలు మనిషిని వెతకదు. 19వ శతాబ్దపు మొదటి భాగంలో కార్ల్ లాఖ్‌మన్ సీగ్‌ఫ్రీడ్‌ను మొదట దేవతగా చూశాడు. 1912లో ఫ్రీడ్రిష్ పాన్‌జర్ అతని కథను జానపద కథల నుంచి పుట్టినదిగా వివరించాడు. సర్పవధ, రక్తంతో గట్టిపడిన చర్మం, పక్షిభాష వంటి భాగాలకు ఈ మార్గం బాగా పనిచేస్తుంది. రాణుల తగాదాకు, బావమరదుల కుట్రకు పనిచేయదు. ఇక హైన్జ్ రిట్టర్-షామ్‌బుర్గ్ 1981లో తిద్రెక్ సాగాను (థియోడరిక్ గాథలు చెప్పే నార్స్ గ్రంథం) చరిత్ర గ్రంథంగానే చదవాలని, అందులో థియోడరిక్ నగరమైన, వెరోనాగా భావించే బెర్న్‌ను బాన్ నగరంగా గుర్తించాలని వాదించి పాఠకుల్లో పేరు పొందాడు గానీ విద్వత్ లోకం దాన్ని దాదాపుగా తిరస్కరించింది. దీని మీద ఎక్కువ సమయం ఖర్చు పెట్టనక్కర లేదు.

పాత సంకలనకర్తల మాట వినాలి

వాదాల్లో మునిగిపోయి చాలామంది మూలాన్ని మరచిపోతారు. ఎడ్డా రాతప్రతిలో సిగుర్డ్ మరణం దగ్గర సంకలనకర్త ఒక చిన్న గద్యం చేర్చాడు. అతన్ని బయట చంపారని ఇక్కడ చెప్పారు. కొందరు ఇంట్లో పడక మీద నిద్రలో చంపారంటారు. జర్మన్లు అడవిలో చంపారంటారు. ఏదైనా అతన్ని నమ్మించి మోసం చేశారన్న దాంట్లో మాత్రం అందరూ ఒకటే, అన్నది దాని సారం. 13వ శతాబ్దపు మనిషి తన ముందున్న భిన్న కథనాలను దాచకుండా పక్కపక్కన పెట్టి, ఏది మారుతోందో, ఏది మారడం లేదో గుర్తించాడు. ఒగ్గు కథ చెప్పేవాళ్ల దగ్గర, శారద కథకుల దగ్గర పాఠాలు సేకరించేవాళ్లు ఆ పేరాను తప్పక చదవాలి. చావు చోటు మారింది, ద్రోహం మారలేదు. అంటే చోటు మీద నిర్మించిన ఏ సిద్ధాంతమైనా మెత్తని నేల మీద ఉన్నట్టే.

పండితుని కాలాన్ని కూడా చూడాలి

ఆర్మినియస్ ప్రతిపాదన జర్మన్ జాతీయవాదం ఉధృతంగా ఉన్న రోజుల్లో పుట్టి పెరిగింది. డెట్‌మోల్ట్ దగ్గర అతని భారీ విగ్రహం 1875లో పూర్తయింది. హోఫ్లర్ నాజీల కాలంలో వాళ్ల అహ్నెనెర్బే సంస్థతో కలిసి పనిచేసినవాడు. ఈ సంగతులు తెలుసుకోవాలి, పత్రంలో రాయాలి. అయితే వీటితోనే వాదాన్ని కొట్టివేయకూడదు. అతని వాదం తప్పైతే దానిలోని ఆధారాల వల్ల తప్పు కావాలి, అతని రాజకీయం వల్ల కాదు. రాజకీయం చెప్పేది ఒకటే: ఏ 'కావచ్చు' దగ్గర రచయిత సులభంగా ఒప్పుకున్నాడో అక్కడ మనం రెండోసారి ఆగాలి. ఈ జాగ్రత్త పాలమూరు పండుగ సాయన్న పాటల మీద, రాచకొండ వెలమ వీరుల వంశగాథల మీద రాసేవాళ్లకూ వర్తిస్తుంది, ఎందుకంటే అక్కడ కూడా మన కులం, మన ఊరు, మన జిల్లా అన్న అభిమానం తీర్పు కంటే ముందే వచ్చి కూర్చుంటుంది.

పత్రంలో తీర్పు రాసే తీరు

ఒకే వాక్యంలో "ఉన్నాడు" అనో "లేడు" అనో రాయకుండా, నమ్మకం స్థాయిని బట్టి వాక్యాలను విడగొట్టాలి. బర్గండియన్ల నాశనం గాథకు ఆధారం అన్నది ఖాయంగా రాయవచ్చు. సిగుర్డ్ కథ మొదట విడిగా ఉండి తరవాత బర్గండియన్ల కథతో కలిసిందన్నది చాలావరకు సంభావ్యం అని, దానికి అట్లక్విద, వాల్తారియుస్, బేవుల్ఫ్ మౌనాలను చూపుతూ రాయవచ్చు. ఫ్రాంకుల రాజవంశపు పగలు ఆ కలయికకు వస్తువు అందించాయన్నది సాధ్యం అని రాయాలి. ఆర్మినియస్ ప్రతిపాదనకు ఆధారం లేదని రాయాలి. సీగ్‌ఫ్రీడ్ అనే ఒక నిర్దిష్ట మనిషిని గుర్తించడం ఇప్పుడున్న సాక్ష్యంతో వీలుకాదని స్పష్టంగా చెప్పాలి.

చివరగా, ఈ తీర్పును మార్చగల సాక్ష్యం ఎలాంటిదో కూడా ఒక పేరాలో రాయడం అవసరం. తొమ్మిదో శతాబ్దానికి ముందు నాటి రాతప్రతిలో సీగ్‌ఫ్రీడ్ పేరు గుంటర్ పేరుతో కలిసి దొరికితే, రెండు కథలు విడివిడిగా ఉండేవన్న అభిప్రాయాన్ని తిరిగి పరిశీలించాలి. ఆర్మినియస్ పేరుతో మధ్యయుగపు మౌఖిక గాథ ఒక్కటి బయటపడినా హోఫ్లర్ వాదాన్ని మళ్లీ తెరవాలి. అలాంటిది దొరికే వరకు కొత్త వ్యాసం ఏది వచ్చినా అది కొత్త సాక్ష్యం తెచ్చిందా, పాత సాక్ష్యానికి కొత్త పోలిక మాత్రమే తెచ్చిందా అన్నది ముందు చూసి, రెండో రకమైతే దాన్ని పై పట్టికలోని మూడో గడితో సరిచూసుకున్నాకే పత్రంలో ఉదహరించాలి.